చెరువు గట్టు మీద గేమింగ్: పెన్సిల్ సెల్లు, మెమరీ కార్డు వెతుక్కున్న నా అనుభవం

రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు ఫోన్‌లో గేమ్ ఆడకూడదు. ఇది నాన్న పెట్టిన రూలు, నేనూ ఒప్పుకున్న రూలే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయిందంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. జనరేటర్ మొరాయిస్తే ఎవరినో ఒకరిని నిద్ర లేపాలి. ఆ టైముకి ఫోన్‌లో ఛార్జింగ్ లేకపోతే నష్టం లక్షల్లో ఉంటుంది. అలాగని తెల్లవార్లూ ఊరికే ఏరియేటర్ల చప్పుడు వింటూ కూర్చోవాలన్నా కష్టమే. భీమవరం చుట్టుపక్కల చెరువులున్న కుర్రాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

నాకు దొరికిన మందు జీపీ2ఎక్స్. కొరియాకి చెందిన గేమ్‌పార్క్ హోల్డింగ్స్ 2005 నవంబరులో విడుదల చేసిన చేతి గేమింగ్ పరికరం ఇది. లోపల నడిచేది లైనక్స్. 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్లు రెండు, 64 ఎంబీ ర్యామ్, 320×240 తెర. ఇప్పటి ఫోన్ల పక్కన పెడితే నవ్వొస్తుంది గానీ, బొమ్మల ఆటలకి, పజిళ్లకి అది చాలు. బావగారు కొరియాలో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నారట. ఇల్లు సర్దుతుంటే బయటపడింది, "నీకేవన్నా పనికొస్తుందేమో చూడు" అని ఇచ్చేశారు.

దీనికి లోపల బ్యాటరీ లేదు. రెండు పెన్సిల్ సెల్లు మనం వేసుకోవాలి, ఎస్‌డీ కార్డు మనం పెట్టుకోవాలి. చెరువు గట్టుకి అదే కలిసొచ్చింది. అయిపోతే ప్లగ్గు వెతుక్కునే పని లేదు, జేబులోంచి ఇంకో జత తీసి వేసుకోవడమే. ఫోన్ జోలికి పోనక్కర్లేదు.

సెల్లు పెట్టే అర మూత తీస్తే లోపల తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఉంది. ఎప్పటివో ఆల్కలైన్ సెల్లు అందులోనే ఉండిపోయి కారాయి. ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. కాబట్టి పులుపు పడితే విరుగుతుంది. దూది పుల్లని నిమ్మరసంలో ముంచి అద్దాను, చిన్నగా పొంగింది. తుడిచి, స్పిరిట్‌తో మళ్లీ తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. స్ప్రింగు మీద కొంచెం నలుపు మిగిలింది గానీ తగులుతోంది. ఈ పని చేసేటప్పుడు ఆ తెల్లపొడిని వేళ్లతో గీకకండి, చర్మం మండుతుంది.

ఇక సెల్లు. నెల్లూరు నిప్పోతో పెరిగినవాళ్లం, సెల్లంటే గడియారంలో వేసేదే అనుకుంటాం. రిమోట్లకీ గోడ గడియారాలకీ వేసే మామూలువి జింక్-కార్బన్ రకం. గోడ గడియారం ఒక మిల్లీ ఆంపియర్ కూడా లాగదు. ఈ గేమింగ్ పరికరం, నేను లెక్క చూసుకున్నంతలో, ఆడుతున్నంతసేపూ నాలుగు వందల పైచిలుకు లాగుతూనే ఉంటుంది. అంత లాగితే జింక్-కార్బన్ కాసేపట్లోనే చేతులెత్తేస్తుంది. ఆల్కలైన్ కాస్త నయం, కానీ దానిదీ అదే తంతు. సెల్లు లోపల ఒక నిరోధకత ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగేకొద్దీ బయటికి వచ్చే వోల్టేజీ తగ్గుతుంది. సెల్లులో సరుకు ఇంకా ఉండగానే పరికరం మాత్రం "అయిపోయింది" అనుకుని ఆగిపోతుంది. అలా ఆగిపోయిన ఆల్కలైన్ జతని తీసి షెడ్డులో గడియారానికి ఒకటి, టీవీ రిమోట్‌కి ఒకటి వేశాను. నెలల తరబడి హాయిగా నడిచాయి.

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, అంటే మనం మామూలుగా రీఛార్జబుల్ అనేవి, వేరే దారిలో వెళ్తాయి. రాసేది 1.2 వోల్టులే. 1.5 కంటే తక్కువ కదా, సరిపోదేమో అని చాలామందికి అనుమానం. కానీ ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై జారుతూ పోతుంది, ఇది 1.2 దగ్గర చాలాసేపు నిలబడుతుంది. లోపల నిరోధకత తక్కువ కాబట్టి ఎక్కువ లాగినా తట్టుకుంటుంది. ఎక్కువ కరెంటు తాగే పరికరాలకి ఇవే సరైనవి.

ఎన్ని ఎంఏహెచ్ (సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) కొనాలన్న దగ్గరే బజారు మనల్ని ఆడుకుంటుంది. భీమవరంలో ఒక షాపులో 2000 ఎంఏహెచ్‌వి అడిగితే అతను జాలిగా చూశాడు. "2000 ఎందుకండీ, అదే రేటుకి 4800 ఉంది, పట్టుకెళ్లండి" అన్నాడు. నాకు నమ్మకం లేదన్నాను. "ఆయ్, ముందు వాడి చూడండి, నచ్చితేనే డబ్బులివ్వండి" అని నాలుగు చేతిలో పెట్టేశాడు. మర్యాదకేం లోటు లేదు.

చెరువు దగ్గర మాకో చిన్న డిజిటల్ కాటా ఉంది. వలేసి తీసిన రొయ్యల్ని తూచి కౌంటు చూసుకోవడానికి. 50 కౌంటు అంటే కిలోకి 50 రొయ్యలు. కౌంటు ఎంత తక్కువైతే రొయ్య అంత పెద్దది, రేటు అంత ఎక్కువ. ఆ కాటా మీద ముందు నా దగ్గరున్న మంచి కంపెనీ 2000 సెల్లు పెట్టాను. 27 గ్రాములు. తర్వాత 4800 సెల్లు పెట్టాను. 17 కూడా లేదు. మా దగ్గర కాపలా ఉండే మావయ్య పక్కనే ఉండి చూస్తున్నాడు. "ఇది 60 కౌంటు సరుకు బాబూ, రేటు మాత్రం 30 కౌంటుది చెప్తున్నాడు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

సెల్లులో కరెంటు నిలవుండేది లోపలున్న లోహంలోనే. లోహం లేకపోతే బరువుండదు, బరువు లేకపోతే సామర్థ్యమూ ఉండదు. డబుల్ ఏ సైజులో, అంటే ఈ పెన్సిల్ సెల్లు సైజులో, నికెల్ మెటల్ హైడ్రైడ్ నిజంగా ఇవ్వగలిగేది 2700, 2800 దగ్గర ఆగిపోతుంది. 3000 దాటి ఏ నంబరు కనపడినా అది లేబులు వేసినవాడి ఊహే. ఛార్జరులో సామర్థ్యం కొలిచే ఏర్పాటుంటే పెట్టి చూడండి. ఆ 4800 సెల్లు వెయ్యి కూడా దాటలేదు. షాపతనికి తిరిగిచ్చేస్తే "సరేనండి" అని లోపల పెట్టుకున్నాడు, ఇంకెవరికో ఇస్తాడేమో.

నిజమైన కంపెనీల్లో కూడా పెద్ద నంబరుదే తీసుకోవాలని లేదు. నేను తీసుకున్నది ఎనెలూప్. 2005లో సాన్యో తెచ్చిన రకం, ఇప్పుడు పానాసోనిక్ పేరుతో వస్తోంది. అందులో తెల్లది కనీసం 1900 ఎంఏహెచ్, నల్లది 2500 దగ్గర ఉంటుంది. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం తెల్లది 2100 సార్లు ఛార్జి చేసుకోవచ్చు, నల్లది 500 సార్లు. పక్కన పెట్టేస్తే తెల్లది పదేళ్ల తర్వాత కూడా 70 శాతం నిలుపుకుంటుందట, నల్లదానికి మాత్రం ఏడాదికి 85 శాతం అనే చెప్తారు. 2100 సార్లు ఎవరు లెక్కపెడతారు లెండి. కానీ రెండింటికీ తేడా ఎటువైపు ఉందో తెలుస్తోంది కదా. ఎక్కువ సరుకు కుక్కితే ఆయుష్షు తగ్గుతుంది. తెల్లది వేస్తే నాకు నాలుగు గంటలకి పైగా ఆట వస్తోంది. మధ్యలో చెరువు చుట్టూ తిరిగి రావాలి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రే తీసి చూడాలి. నాలుగు గంటలు చాలు, జేబులో ఇంకో జత ఎలాగూ ఉంది.

పాతరకం రీఛార్జబుల్ సెల్లయితే వాడకపోయినా కరెంటు కారిపోతూ ఉంటుంది. ఒక నెల ఊరికే పెడితే చెప్పుకోదగ్గంత పోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా. మా రేకుల షెడ్డు ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యే. అందుకని తక్కువ కారే రకం తీసుకోవడం ఇక్కడ సోకు కాదు, అవసరం.

ఛార్జరు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సెల్లుతో పాటు ఉచితంగా వచ్చింది గుచ్చేస్తారు. అవి ఎక్కువగా టైమరు మీద నడిచేవి. ఇన్ని గంటలు అని లెక్క పెట్టుకుని ఆగిపోతాయి, సెల్లు నిండిందా లేదా అన్నది వాటికి పట్టదు. కరెంటు పోకుండా ఉండే ఊళ్లో వాటితో పెద్ద ఇబ్బంది లేదు. మన దగ్గర కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ టైమరు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ముప్పావు వంతు నిండిన సెల్లుకి మళ్లీ పూర్తి మోతాదు పోస్తుంది. రాత్రిలో రెండు మూడు సార్లు కరెంటు పోతే తెల్లారేసరికి సెల్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంటుంది. సెల్లు నిండగానే వోల్టేజీ కొద్దిగా కిందికి దిగుతుంది. ఆ దిగడాన్ని పసిగట్టి ఆపేసే స్మార్ట్ ఛార్జర్లున్నాయి. ఒక్కో సెల్లుకి ఒక్కో గది, ఒక్కో లైటు ఉన్నది చూసి తీసుకున్నాను. జతల లెక్కన మాత్రమే ఛార్జి చేసేది వద్దు. సెల్లు, ఛార్జరు కలిపి చూస్తే ఛార్జరుకే ఎక్కువైంది, అయినా సరే. దాన్ని షెడ్డులో కాదు, ఇంట్లో ఇన్వర్టరున్న ప్లగ్గుకి పెడుతున్నాను.

జతల మీద స్కెచ్ పెన్నుతో అ-అ, ఆ-ఆ, ఇ-ఇ అని రాశాను. ఎప్పుడూ అదే జత కలిసి ఆడాలి, కలిసి ఛార్జి ఎక్కాలి. సగం అయిపోయినదాన్ని నిండినదానితో కలిపి వేస్తే, బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది. రెండోది కరెంటు తోస్తూనే ఉంటే ఖాళీ అయినదాంట్లో వోల్టేజీ తిరగబడి అది పాడవుతుంది. టార్చిలో మావయ్య ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తుంటాడు. అక్కడ మామూలు సెల్లు కాబట్టి నేనేం అనను.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. టార్చిలైట్లు అమ్మేచోట పెన్సిల్ సెల్లు సైజులోనే లిథియం సెల్లు దొరుకుతున్నాయి, మీద 14500 అని రాసి ఉంటుంది. అవి ఒక్కోటి 3.7 వోల్టులు. రెండు వేస్తే ఏడు దాటుతుంది. రెండు పెన్సిల్ సెల్లు కోసం చేసిన పరికరం మాడిపోతుంది. సైజు సరిపోయింది కదా అని వేయొద్దు. 1.5 వోల్టులే ఇచ్చేలా లోపల చిన్న సర్క్యూట్ పెట్టిన లిథియం సెల్లు కూడా వస్తున్నాయి, వాటికి యూఎస్‌బీ తీగ పెట్టి ఛార్జి చేసుకోవచ్చు. అవి ప్రమాదం కాదు, కానీ నాకు నచ్చలేదు. చివరిదాకా 1.5 చూపిస్తూనే ఉండి ఒక్కసారిగా ఆరిపోతాయి. పరికరంలో బ్యాటరీ తగ్గిందని చెప్పే ఎర్ర లైటు వెలిగే అవకాశమే రాదు.

ఆ ఎర్ర లైటు ఎందుకంత ముఖ్యమంటే, కార్డు ప్రాణం దాని మీదే ఉంది. ఆట సేవ్ చేసేటప్పుడు పరికరం కార్డు మీద రాస్తుంది. ఫైల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే పట్టిక కూడా అప్పుడే మారుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు ఆగిపోతే పట్టిక సగం కొత్తది, సగం పాతది. ఆ 4800 సెల్లుని పరీక్షకి పెట్టిన రోజే ఇది కళ్లారా చూశాను. సేవ్ నొక్కగానే తెర నల్లబడింది. కార్డుని ల్యాప్‌టాప్‌లో పెడితే ఒక ఫోల్డర్ నిండా పిచ్చి అక్షరాలు, తలాతోకా లేని సైజులు. విండోస్‌లో తప్పులు సరిచేసే చెక్ డిస్క్ నడిపితే ఫౌండ్.000 అని ఒక ఫోల్డర్ తయారుచేసి, ముక్కలన్నీ అందులో పడేసింది. ఏ ముక్క ఏ ఆటదో చెప్పడానికి లేదు. పరీక్ష కాబట్టి కాపీ ముందే తీసిపెట్టుకున్నాను. ఆ రోజు నుంచీ ఎవరైనా "కార్డు పాడైంది, ఏ కంపెనీది కొనాలి" అని అడిగితే ముందు సెల్లు ఏవి వేస్తున్నారని అడుగుతున్నాను.

నికెల్ సెల్లుతో కూడా ఒక చిక్కుంది. చాలాసేపు నిలబడతాయి గానీ, చివర్లో గబుక్కున పడిపోతాయి. ఎర్ర లైటు వెలిగాక ఎక్కువ టైముండదు. లైటు కనపడగానే సేవ్ చేసి, మెనూకి వచ్చి, కాసేపాగి స్విచ్ కట్టేస్తాను. ఇంకో లెవెల్ అని ఆశపడను.

కార్డు వేట ఇంకో రకం. సెల్లు విషయంలో బజారు పెద్ద అబద్ధం చెప్పింది, కార్డు దగ్గర పెద్దది నిజంగానే ఉంది, కానీ నాకు పనికిరాదు. ఊళ్లో అడిగితే "ఆయ్, 64 ఉందండి, 128 ఉందండి. 2 జీబీనా? అది ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ బాబూ!" అని నవ్వారు.

2 జీబీ దాకా ఉన్నది పాత ఎస్‌డీ. 4 నుంచి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆ పైన ఎస్‌డీఎక్స్‌సీ. మూడూ ఒకే ఆకారం, ఒకే అరలో పడతాయి. అందుకే తికమక. ఎస్‌డీహెచ్‌సీ ప్రమాణం వచ్చింది 2006లో, నా పరికరం 2005ది. పాత కార్డుని ఫలానా బైటు ఇవ్వమని అడగాలి, కొత్తదాన్ని 512 బైట్ల బ్లాకు ఫలానా నంబరుది ఇవ్వమని అడగాలి. పాత పద్ధతే తెలిసిన పరికరంలో 32 జీబీ కార్డు పెడితే అసలు కార్డే లేనట్టు కూర్చుంటుంది. కార్డుదీ తప్పు లేదు, పరికరానిదీ తప్పు లేదు.

తర్వాత వచ్చిన ఫర్మ్‌వేర్, అంటే పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, వేసుకుంటే ఎస్‌డీహెచ్‌సీ కూడా చదువుతుంది. నేను వేయలేదు. వేసేటప్పుడు మధ్యలో ఆగిపోతే పరికరం ఇటుక రాయితో సమానం. దాన్ని బాగుచేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? పైగా ఈ పరికరంలో ఆడే ఆటలు ఒక్కోటి కొన్ని ఎంబీలే. 2 జీబీ నిండాలంటే నేను ఇంకా చాలా పంటలు కాపలా కాయాలి.

కార్డు చివరికి దొరికింది మావయ్య దగ్గరే. కీప్యాడ్ ఫోన్ల రోజుల్లో మొబైల్ షాపుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు గుర్తుందా, అలాంటి 2 జీబీ మైక్రో ఎస్‌డీ ఆయన స్పీకర్లో ఇప్పటికీ పాడుతోంది. ఊరికే ఇమ్మంటే బాగోదని 16 జీబీ కొత్తది కొని, పాటలన్నీ అందులోకి ఎక్కించి, ఇంకొన్ని కలిపి ఇచ్చాను. స్పీకరు కొత్తదే, చదివేసింది. "పాటలు పోలేదు కదా?" అని ఒకటికి పదిసార్లు అడిగాడు గానీ, బేరం ఆయనకే లాభమని ఆయనకీ తెలుసు.

పాత కార్డు కాబట్టి ముందు పరీక్ష చేశాను. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. కార్డు మొత్తం నింపి, రాసినదంతా మళ్లీ చదివి సరిపోల్చుతాయి. నకిలీ కార్డులు పెద్ద సైజు చెప్పుకుంటాయి, నిజంగా ఉన్నంత నిండాక తర్వాత రాసేది పాతదాని మీద పడుతుంది, లేదా గాల్లో కలుస్తుంది. మీరు కొత్తది కొన్నా సరే, డబ్బు తిరిగిచ్చే గడువు లోపలే ఈ పరీక్ష చేయండి. నాది తప్పుల్లేకుండా వచ్చింది. తర్వాత ఎస్‌డీ అసోసియేషన్ వాళ్ల ఫార్మాటర్‌తో ఫార్మాట్ చేశాను, 2 జీబీకి అది ఫ్యాట్16 అనే పాత పద్ధతి పట్టిక వేస్తుంది.

కార్డు మీద వేగం చెప్పే క్లాస్ 10, యూ3, ఏ1 లాంటి గుర్తుల కోసం ఎక్కువ పెట్టడం ఇలాంటి పాత పరికరాలకి దండగ. పాత ఎస్‌డీ మామూలు వేగంలో దారే సెకనుకి 12.5 ఎంబీల వెడల్పు, కార్డు ఎంత పరిగెత్తేదైనా అంతకు మించి వెళ్లలేదు. ఏ1 గుర్తు చిన్న చిన్న ఫైళ్లని అటూ ఇటూ చదవడంలో ఉపయోగం, అది ఆండ్రాయిడ్ రకం కొత్త పరికరాలు వాడేవాళ్లు చూసుకోవాలి.

మైక్రో ఎస్‌డీని పెద్ద ఎస్‌డీ సైజుకి మార్చే అడాప్టర్ మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. పక్కనుండే లాక్ మీట కొన్నిటికి వదులుగా ఉంటుంది. అరలోకి నెట్టేటప్పుడు కిందికి జారిపోతుంది, ఆట నడుస్తుంది గానీ సేవ్ అవ్వదు. ఆ మీట మీద చిన్న సెల్లో టేపు ముక్క అంటించాను.

సముద్రం గాలికి ఇత్తడి, ఇనుము ఏదైనా చిలుము పట్టేస్తుంది. సెల్లుని తాళాల గుత్తితో కలిపి జేబులో వేయకుండా ప్లాస్టిక్ డబ్బాలో, మందుల సీసాల్లోంచి దాచిన సిలికా పొట్లాలతో పెడుతున్నాను. పంట పట్టేసి చెరువు ఎండబెట్టిన రోజుల్లో సెల్లు పరికరంలోంచి తీసేస్తాను. అ-అ జతలో ఒకటి ఈ మధ్య ఛార్జరులో రెండోదానికంటే ముందే నిండుతోంది. నాలుగు గంటలు ఇవ్వడం మానేశాక దాన్ని ఆక్సిజన్ మీటరు పక్కనుండే గడియారానికి మార్చేసి, ఇంకో జత తెచ్చుకుంటాను, మళ్లీ తెల్లదే.